కెప్టెన్‌గా ఎవుర్ని పెడదాం?

ఏప్రిల్ 15 వచ్చిందంటే మన నెల్లూరు తీరంలో బోట్లు ఒడ్డెక్కుతాయి. అప్పట్నించి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లకూ మోటారు పడవలకూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక సముద్రాన్ని కొన్నాళ్లు దాని మానాన వదిలేయాలన్నది నిబంధన. జువ్వలదిన్నె, తుమ్మలపెంట, ఇస్కపల్లి, మైపాడు, ఏ పాలేనికి పోయినా ఆ రెండు నెలలూ మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, ఇంజన్లు విప్పి బిగించుకుంటూ ఒడ్డునే కనిపిస్తారు. ఐపీఎల్ కూడా ఆ రోజుల్లోనే. వేట లేదు, సాయంత్రం ఏడున్నరకు మ్యాచ్, చేతిలో ఫోను. ఇంక అడగాలా?

అట్లాంటి పొద్దుల్లో టీ అంగడి ముందు బల్లల మీద ఒక మాట వినపడుతూ ఉంటుంది. "మామా, ఈ పూట కెప్టెన్‌గా ఎవుర్ని పెడదాం?"

ఆ మామేమీ సెలెక్షన్ కమిటీ చైర్మన్ కాడు. అడిగే పిల్లవాడు ఏ జట్టుకూ కోచ్ కాడు. వాళ్లిద్దరి మధ్యా ఉన్నది ఫాంటసీ క్రికెట్. ఈ పదిహేను నిమిషాలూ ఆ ప్రశ్న గురించే మాట్లాడదామని వచ్చాను. చిన్న ప్రశ్నేగదా అనుకోకండి. దీని మీద అమెరికాలో అరవై ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నారు. ఆ సంగతి కాసేపాగి చెబుతాను.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇవ్వాళ ఆడుతున్న రెండు జట్లలోంచి మనకు నచ్చిన 11 మందిని ఏరుకుని మన జట్టు అంటాం. వాళ్లు మైదానంలో చేసే ప్రతి పనికీ మనకు పాయింట్లు. పరుగుకు ఒకటి, ఫోరు కొడితే అదనంగా ఒకటి, సిక్సరుకు అదనంగా రెండు, వికెట్టుకు 25, బ్యాటర్ సున్నాకు ఔటైతే రెండు కోత. చాలాకాలం నడిచిన లెక్క ఇది. యాప్‌ను బట్టి, ఏడాదిని బట్టి అటూ ఇటూ మారింది. అన్ని చోట్లా నిలబడిన నియమం మాత్రం కెప్టెన్‌ది. మనం కెప్టెన్ అని గుర్తు పెట్టినవాడి పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు. మ్యాచ్‌లో నిజంగా టాస్ వేసే కెప్టెన్ ఎవరైనా సరే, మన కెప్టెన్ వేరు.

జట్టు ఎంపిక ఎంత జ్ఞానంతో చేసినా ఏడెనిమిది పేర్లు అందరి దగ్గరా ఒకటిగానే ఉంటాయి. కోహ్లీ ఆడుతుంటే కోహ్లీని వదిలేదెవరు? బుమ్రా బంతి వేస్తుంటే బుమ్రాను వద్దనేదెవరు? తేడా వచ్చేదంతా ఆ కెప్టెన్ గుర్తు దగ్గరే. అందుకే పిల్లవాడు మిగతా పది పేర్లూ తనే పెట్టేసుకుని, ఆ ఒక్కదానికి మాత్రం మామ దగ్గరకొస్తాడు.

ముందుకు పోయే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను మాట్లాడేది డబ్బు పెట్టని ఆట గురించి. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధించారు. తెలంగాణలో అంతకు మూడేళ్ల ముందే, 2017లో. తమాషా ఏమిటంటే అదే 2020లో ఐపీఎల్‌కు టైటిల్ స్పాన్సర్ డ్రీమ్ ఎలెవెన్. టీవీలో బంతి బంతికీ ఆ పేరే, మన ఊళ్లో ఆ యాప్‌లో డబ్బు పెట్టడానికి లేదు. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే వచ్చింది. దేశమంతటా డబ్బు పందేలతో నడిచే ఆన్‌లైన్ ఆటలు మూతపడ్డాయి. అప్పటికి భారత జట్టు చొక్కా మీద ఉన్న పేరు కూడా డ్రీమ్ ఎలెవెన్‌దే. వాళ్లు తప్పుకోవడంతో సెప్టెంబరులో మనవాళ్లు ఆసియా కప్‌ను చొక్కా మీద స్పాన్సర్ పేరు లేకుండానే ఆడి గెలిచారు.

ఇది నైపుణ్యమా, జూదమా అనే వాదనకు మన తెలుగు నేల మీదే పాత చరిత్ర ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమేనని 1967లో కోర్టు తేల్చింది. ఫాంటసీ కంపెనీలు చాలా ఏళ్లు ఆ తీర్పు నీడలోనే నిలబడ్డాయి. నా మట్టుకు నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. కెప్టెన్‌ను ఎంచుకోవడంలో నైపుణ్యం ఉంది. అయినా దాని మీద డబ్బు పెట్టనివ్వకపోవడం సబబే. వేట లేని రెండు నెలలకని ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి మొన్నటిదాకా 10,000 రూపాయలు, 2025లో 20,000 అయింది. ఆ సొమ్ము ఫోన్‌లోంచి ఒక్క వారంలో కరిగిపోవడానికి ఎంత నైపుణ్యం కావాలి చెప్పండి!

సరే, ఆటలోకి వద్దాం. 2024 ఐపీఎల్‌ను తీసుకుందాం. అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

ఆ ఏడాది సన్‌రైజర్స్ హైదరాబాదుకు ట్రావిస్ హెడ్ ఓపెనర్. ఏప్రిల్ 15న, సరిగ్గా మన బోట్లు ఒడ్డెక్కిన రోజే, బెంగళూరులో అతను 41 బంతుల్లో 102 కొట్టాడు. అందులో 9 ఫోర్లు, 8 సిక్సర్లు. జట్టు స్కోరు 287. పైన చెప్పిన లెక్కలో హెడ్‌కు పరుగుల పాయింట్లు 102, ఫోర్లకు 9, సిక్సర్లకు 16, మొత్తం 127. సెంచరీకి ఇచ్చే బోనస్ పక్కన పెట్టినా కెప్టెన్‌గా పెట్టినవాడికి 254. ఆ రాత్రి హెడ్‌ను వదిలి ఇంకొకణ్ణి కెప్టెన్ చేసుకున్నవాళ్ల మొహాలు మీరే ఊహించుకోండి. దాంతో హెడ్ అంటే కెప్టెన్, కెప్టెన్ అంటే హెడ్ అన్నట్టుగా నడిచింది.

మే 19న ఉప్పల్‌లో పంజాబ్‌తో మ్యాచ్. అర్ష్‌దీప్ వేసిన మొదటి బంతికే హెడ్ బౌల్డ్. రెండు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో కోల్‌కతాతో క్వాలిఫయర్. మిచెల్ స్టార్క్ వేసిన రెండో బంతికి బౌల్డ్. మళ్లీ సున్నా. 24న చెన్నైలో రాజస్థాన్ మీద 28 బంతుల్లో 34. ఇక 26న అదే చెన్నైలో ఫైనల్, ఎదురుగా మళ్లీ కోల్‌కతా, మళ్లీ స్టార్క్.

ఇప్పుడు చెప్పండి, కెప్టెన్‌గా ఎవుర్ని పెడదాం?

ఒకవైపు హెడ్, సీజన్లో అప్పటికి 567 పరుగులు. ఇంకోవైపు స్టార్క్, 24 కోట్ల 75 లక్షలకు కొన్న ఆటగాడు. మార్చిలో ఇదే హైదరాబాదు మీద 4 ఓవర్లలో 53 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. అదే మనిషి క్వాలిఫయర్‌లో మూడు వికెట్లు పడగొట్టాడు. మధ్యలో సునీల్ నరైన్. సీజన్ మొత్తమ్మీద 488 పరుగులు, 17 వికెట్లు. బ్యాటుతో ఓపెనింగూ అతనే, బంతితో నాలుగు ఓవర్లూ అతనే.

"హెడ్ ఫామ్‌లో లేడు, రెండు సున్నాలు పెట్టాడు" అనేవాళ్లు ఆ రోజు చాలామందే. ఆ మాట దగ్గర నేనాగుతాను. ఆ రెండు సున్నాలకూ కలిపి హెడ్ ఎదుర్కొన్నది మూడు బంతులు. సీజనంతా కొట్టిన దెబ్బలు ఒకపక్కా, మూడు బంతులు ఒకపక్కా పెట్టి తూచి, మూడు బంతుల వైపే మొగ్గామంటే అది ఆలోచన కాదు, భయం. మనసు నిన్నటిదాన్ని పెద్దగా చూస్తుంది, మొన్నటిదాన్ని చిన్నగా చూస్తుంది.

అయితే ఇంకొంచెం లోతుగా చూసినవాళ్లు వేరే మాట అన్నారు. అర్ష్‌దీప్ ఎడమచేతి వాటం పేసర్. స్టార్క్ కూడా అంతే. కొత్త బంతి నిండుగా వేసి, వంపు తిప్పే ఎడమచేతివాటం పేసర్ ముందు హెడ్ తడబడుతున్నాడని వాళ్ల లెక్క. ఇది భయం కాదు, ఒక కారణం. తప్పయినా సరే పరీక్షకు నిలబెట్టదగ్గ కారణం.

ఫైనల్‌లో ఏమైంది? తొలి ఓవర్లో స్టార్క్ అద్భుతమైన బంతితో అభిషేక్ శర్మను బౌల్డ్ చేశాడు. హెడ్‌కు స్టార్క్ బంతి ఎదురే కాలేదు. రెండో ఓవర్ వేసిన వైభవ్ అరోరా కుడిచేతి వాటం బౌలర్. అతని చేతిలో హెడ్ మొదటి బంతికే కీపర్‌కు క్యాచ్ ఇచ్చాడు. సున్నా. కెప్టెన్‌గా పెట్టినవాడికి మైనస్ నాలుగు. హైదరాబాదు 113కు ఆలౌట్. ఐపీఎల్ ఫైనళ్లలో అంత తక్కువ స్కోరు అంతకుముందు లేదు.

స్టార్క్ ఉన్నాడని హెడ్‌ను తప్పించినవాళ్లు గెలిచారు. కానీ వాళ్లు చెప్పిన కారణం వల్ల గెలవలేదు. ఆ మర్నాడు టీ అంగడి దగ్గర "నేను చెప్పలా?" అని చొక్కా ఎగరేసినవాడికి ఈ తేడా చెప్పి చూడండి, మీ మీదికొస్తాడు! అన్నట్టు ఆ మ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసింది రస్సెల్, మూడు. అజేయంగా 52 కొట్టింది వెంకటేశ్ అయ్యర్. రాత్రంతా హెడ్డా, స్టార్కా, నరైనా అని కొట్టుకున్న వాదనలో వీళ్లిద్దరి పేర్లూ ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు!

అయితే మరి ఎట్లా ఎంచుకోవాలి? ఇక్కడ సముద్రం తెలిసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఒడ్డు పక్కనే వల వేస్తే కవళ్లో నెత్తళ్లో ఎంతో కొంత పడతాయి, డీజిలు ఖర్చు పెద్దగా ఉండదు, ఇల్లు గడుస్తుంది. లోతుకు పోతే వంజరం తగలొచ్చు, తగలకపోతే ఐసూ డీజిలూ రెండూ నష్టం. నరైన్ లాంటి ఆల్‌రౌండర్ మొదటి రకం. బ్యాటు ఆడకపోతే బంతి ఆదుకుంటుంది. ఫైనల్‌లో చూడండి, కొట్టింది 6 పరుగులే, అయినా ఒక వికెట్టు దొరికింది, ఖాతా ఖాళీగా మిగల్లేదు. హెడ్ రెండో రకం. పడితే 102, పడకపోతే సున్నా. ఈ రెంట్లో ఏది మేలని అడిగితే దానికి జవాబు లేదు. ఆ పూట మనకేం కావాలో తెలిస్తేనే జవాబు.

ఫాంటసీ ఆటలో చాలామంది వదిలేసే సంగతి ఇదే. వాళ్లు మైదానంలో ఉన్న 22 మందినీ చూస్తారు. తమ పక్కన కూర్చుని ఆడుతున్న పదిమందిని చూడరు. మన పోటీ స్టార్క్‌తో కాదు, ఎదురు బల్ల మీద కూర్చున్న అన్నతో. సీజన్ మొత్తం పాయింట్లు కూడుకుంటూ పోయే పదిమంది గుంపులో నేను ముందున్నాననుకోండి. అప్పుడు నా కెప్టెన్ ఎవరంటే, వెనకున్నవాడు ఎవర్ని పెడతాడో వాడే. హెడ్‌ను వాడూ పెట్టి నేనూ పెడితే 102 వచ్చినా, సున్నా వచ్చినా మా మధ్య తేడా మారదు. నేను ముందే ఉంటాను. అదే నేను వెనకబడి ఉంటే వాడు పెట్టినవాణ్ణే నేనూ పెట్టడం అంత పనికిమాలిన పని ఇంకోటి లేదు. అప్పుడు కావాల్సింది వాడు పెట్టనివాడు. మంచివాడా కాదా అన్నది రెండో ప్రశ్న.

పిల్లవాడు మామను అడగాల్సింది "ఎవుర్ని పెడదాం" అని కాదు, "మనం ఎంత వెనకున్నాం" అని.

అమెరికా సంగతి చెబుతానన్నాను గదా. నెల్లూరు నుంచి డాలస్, న్యూజెర్సీ వైపు పోయిన మన పిల్లలకు ఈ మధ్య ఆఫీసుల్లో ఫాంటసీ ఫుట్‌బాల్ అంటుకుంది. మన ఫుట్‌బాల్ కాదు, వాళ్లది. బంతి కోలగా ఉంటుంది, చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. దాదాపు ప్రతి ఎత్తుగడలోనూ బంతి మొదట అతని చేతికే వస్తుంది. దాన్ని ఎవరికి విసరాలి, ఎవరికి అందించాలి, లేక తనే పరుగెత్తాలా అన్నది అతని ఇష్టం. ఫాంటసీ జట్టులో మామూలుగా ఒక వారానికి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే దించాలి. బెంచీ మీద ఇంకొకడుంటాడు. ఈ ఆదివారం ఇద్దర్లో ఎవర్ని దించాలి? మా అక్క కొడుకు ఒకడు వారం వారం ఇదే అడుగుతాడు, "మామా, నువ్వు చెప్పు" అని. ఆ ఆట నేను ఒక్కటి కూడా పూర్తిగా చూసింది లేదు. అయినా మామ మామే.

ఈ తలనొప్పికి మూలం 1962లో ఉంది. బిల్ వింకెన్‌బాక్ అనే వ్యాపారికి ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటా ఉండేది. జట్టుతో పాటు న్యూయార్క్ పోయినప్పుడు, ఒక హోటల్లో ఇద్దరు ముగ్గురితో కూర్చుని ఈ ఆటకు నియమాలు రాసుకున్నాడు. మరుసటి ఏడాది ఓక్లాండ్‌లో మొదటి లీగు. వంతులవారీగా పేర్లు ఎంచుకోవాలి. మొట్టమొదటి వంతులో ఎంచుకున్న పేరు జార్జ్ బ్లాండా, ఒక క్వార్టర్‌బ్యాక్. జిమ్ బ్రౌన్ అనే పరుగుల వీరుణ్ణి వదిలేసి మరీ. జిమ్ బ్రౌన్ ఆ 1963లో 1,863 గజాలు పరుగెత్తి అప్పటికి రికార్డు సృష్టించాడు. ఫాంటసీ ఫుట్‌బాల్‌లో మొదటి ఎంపికే ఇట్లా తిరగబడింది.

కానీ బ్లాండాను ఎంచుకోవడం వెర్రితనమా? నేననుకోను. అతను బంతి విసిరేవాడు, గోలుకు కాలితో తన్నేవాడూ అతనే. రెండు దారుల్లో పాయింట్లు. మన నరైన్ లెక్కే. ఆ రోజు మొదటి వంతు నాదై ఉంటే నేను కూడా బ్లాండా అనే అని ఉండేవాణ్ణేమో.

ఇప్పటి లెక్కలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. చాలా లీగుల్లో విసిరిన బంతికి 25 గజాలైతే ఒక పాయింటు, అదే తను పరుగెత్తితే 10 గజాలకే ఒక పాయింటు. విసిరిన బంతి గోలు గీత దాటితే నాలుగు, తనే మోసుకుపోయి దాటితే ఆరు. అంటే కాళ్లున్న క్వార్టర్‌బ్యాక్ ఫాంటసీలో చేతుల క్వార్టర్‌బ్యాక్ కంటే ఖరీదు. 2019లో లామార్ జాక్సన్ బాల్టిమోర్ తరఫున 36 సార్లు బంతిని గీత దాటేట్టు విసిరి, దానికి తోడు 1,206 గజాలు పరుగెత్తాడు. ఆ ఏడాది అతను ఎవరి జట్టులో ఉంటే వాళ్లకు "ఎవర్ని దించాలి" అనే ప్రశ్నే పుట్టి ఉండదు. ప్రశ్న పుట్టేది మధ్యరకం వాళ్ల దగ్గరే. అక్కడి లీగులో 32 జట్లు, అంటే 32 మంది క్వార్టర్‌బ్యాకులు దిగుతారు. ఆఫీసు లీగులో ఆడేది 12 మంది. వాళ్లు తలా ఒకణ్ణి ఏరుకోగా మిగిలినవాళ్లలో ఒకడికీ ఇంకొకడికీ తేడా వెంట్రుకవాసి. అంత తక్కువ తేడా కోసమే మా వాడు శనివారం రాత్రి నిద్ర మానుకుంటాడు. తేడా ఎక్కువున్నప్పుడు ఎవరూ ఆలోచించరు, తేడా లేనప్పుడే గంటలు గంటలు ఆలోచిస్తారు. ఇది చీరల అంగట్లో కూడా నేను గమనించాను గానీ, ఇంట్లో వింటూ ఉంటారు, వదిలేద్దాం.

వాడికి నేను చెప్పే జవాబు ఒకటే. ఆ ఊళ్లో గాలెంత, ఎదురు జట్టు ఎట్లాంటిది, నీవాడు పరుగెత్తుతాడా? గాలి గట్టిగా వీస్తే దూరం విసిరేవాడు పనికిరాడు. గాలి సంగతి నెల్లూరువాణ్ణి అడిగితే చెప్పడా?

యూట్యూబ్‌లో మ్యాచ్‌కు ముందు "ఈ రోజు కెప్టెన్ ఇతనే, వంద శాతం" అని చెప్పేవాళ్లున్నారు. టెలిగ్రామ్ గ్రూపుల్లో డబ్బు తీసుకుని జట్లు అమ్మేవాళ్లు కూడా. వాళ్లతో పోట్లాట అక్కర్లేదు. ఒక్క ప్రశ్న వేయండి. వంద శాతం తెలిసినవాడు ఆ సంగతి మీకెందుకు చెబుతున్నాడు?

మన ఆటలో ఈ మధ్య వచ్చిన అసలు చిక్కు వేరు. 2023 నుంచి ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ నియమం ఉంది. టాస్ అయ్యాక కెప్టెన్లు ఇచ్చే పదకొండు మంది పేర్లతో పాటు ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల పేర్లు కూడా ఇస్తారు. అందులో ఒకణ్ణి మధ్యలో దించొచ్చు. ముందు బౌలింగ్ చేసే జట్టు తన పెద్ద బ్యాటర్‌ను పదకొండులో పెట్టకుండా, సబ్‌స్టిట్యూట్ల జాబితాలో ఉంచి, తమ బ్యాటింగ్ వచ్చినప్పుడు దించుతుంది. అందుకని పదకొండులో పేరు కనపడలేదని తీసేసినవాడే గంటన్నర తర్వాత ప్యాడ్లు కట్టుకుని ఓపెనింగుకు వస్తాడు. పోయిన సీజన్లలో ఇట్లా చాలామంది మోసపోయారు. టాస్ పడ్డాక పదకొండే కాదు, ఆ ఐదు పేర్లు కూడా చదవండి. ఎవరు ముందు బ్యాటింగో చూడండి. అప్పుడు గుర్తు పెట్టండి.

డబ్బులేని ఆటకు మా వీధిలో మేం పెట్టుకున్న పద్ధతి చెప్పి ముగిస్తాను. ఫోన్లు లేవు, యాప్‌లు లేవు, చీటీలే. ఒక్కొక్కరు కెప్టెన్ పేరు రాసి, కింద ఎందుకో ఒక్క వాక్యం రాయాలి. టాస్ అయ్యాక, మొదటి బంతికి ముందు, చీటీలన్నీ టీ అంగడి ఆయన గల్లాపెట్టెలోకి పోతాయి. ఆయనకు క్రికెట్ పట్టదు కాబట్టి నమ్మకస్తుడు. మ్యాచ్ అయ్యాక పాయింట్లు లెక్కేసి, ఆ తర్వాత చీటీలోని కారణం బయటికి చదువుతాం. "ఫామ్‌లో ఉన్నాడు" అని రాసినవాడికి, గెలిచినా సరే, ఆ పూట టీ లేదు.